వీసా మెడికల్స్: ఒకే రిపోర్టు, దేశానికో తీర్పు

"షుగర్ ఉంది, పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) వస్తుందా?" "చిన్నప్పుడు టీబీ వచ్చి తగ్గింది, ఎక్స్‌రేలో మచ్చ కనబడితే రిజెక్ట్ చేస్తారా?" "బాబుకి ఆటిజం, అసలు అప్లై చేయొచ్చా?" వలస వెళ్లాలనుకునేవాళ్ల ప్రశ్నలు దాదాపు ఇలాగే ఉంటాయి. జబ్బు పేరు చెప్పి, అవునో కాదో తేల్చమంటారు. అలా అడిగితే సరైన జవాబు దొరకదు. జబ్బు ఏమిటన్నది సగం సంగతే. ఏ దేశం, ఏ వీసా, ఎన్నేళ్లు ఉండటానికి, వైద్యం ఖర్చు ఎవరి మీద పడుతుంది అన్నవి మిగతా సగం. చాలాసార్లు అదే పెద్ద సగం.

ఆటిజం ఉన్న ఎనిమిదేళ్ల పిల్లాడినే తీసుకుందాం. స్కూల్లో పక్కన ఎవరో ఒకరు సాయం ఉంటే తప్ప కుదరదు. అమెరికా గ్రీన్‌కార్డు మెడికల్‌లో ఆటిజం ఉండటమే అనర్హత కాదు. బ్రిటన్ వీసాలో మామూలుగా ఆ ప్రస్తావనే రాదు. కెనడాలో 2018కి ముందైతే ఇదే కారణంతో ఇంటిల్లిపాదికీ పీఆర్ ఆగిపోయే ప్రమాదం ఉండేది, ఇప్పుడు ప్రత్యేక విద్య ఖర్చును లెక్కలోకే తీసుకోరు. ఆస్ట్రేలియాలో ఆ పిల్లాడికి మున్ముందు ప్రభుత్వం చేయాల్సిన సాయానికి డాలర్లలో అంచనా వేస్తారు. అది నిర్ణయించిన ఖర్చు గీత దాటితే ఒక్క పిల్లాడికే కాదు, అతనితో కలిసి అప్లై చేసిన తల్లిదండ్రులకీ వీసా రాదు. పిల్లాడు మారలేదు, డాక్టర్ రిపోర్టు మారలేదు. మారిందల్లా దేశమే.

ఈ తేడాలకు కారణం నా ఉద్దేశంలో ఒక్కటే. ప్రతి దేశమూ తన ఆస్పత్రి బిల్లు ఎవరు కడుతున్నారో చూసుకుని, దానికి తగ్గట్టు ఆరోగ్య నిబంధన రాసుకుంది. పన్నుల డబ్బుతో వైద్యం నడిపే ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్ వచ్చేవాళ్ల ఖర్చును ముందే లెక్కేస్తాయి. బ్రిటన్‌దీ పన్నుల వైద్యమే గానీ, అది మనిషి మనిషికీ లెక్కలు వేయకుండా దాదాపు అందరి దగ్గరా ముందే ఫీజు వసూలు చేస్తుంది. వైద్యం చాలావరకు ప్రైవేటు ఇన్సూరెన్స్ మీద నడిచే అమెరికా ఖర్చు సంగతి మెడికల్‌లో అడగదు. అంటువ్యాధి, టీకాలు, మత్తు, ప్రమాదకర ప్రవర్తన, వీటి వరకే చూస్తుంది.

చరిత్రలోకి వెళ్తే ఇందులో రెండు పాత భయాలు కనిపిస్తాయి. అమెరికా 1882 చట్టం తమ బాగోగులు తాము చూసుకోలేక ప్రభుత్వానికి భారమయ్యేవాళ్లను ఆపమంది. 1891 చట్టం ప్రమాదకరమైన అంటువ్యాధులు ఉన్నవాళ్లను ఆపమంది. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో వలస వచ్చేవాళ్ల తనిఖీకి తెరిచిన ఎల్లిస్ ఐలండ్‌లో డాక్టర్లు వరసలో నడిచి వస్తున్నవాళ్లను చూస్తూనే అనుమానం ఉన్నవాళ్ల కోటు మీద సుద్దముక్కతో ఒక అక్షరం రాసేవారు. గుండెకు ఒకటి, కుంటితనానికి ఒకటి, కళ్లకు ఒకటి. ట్రకోమా అనే అంటు కంటిజబ్బు ఉందేమోనని కనురెప్పలు తిప్పి చూసేవారు. ఇప్పుడు సుద్దముక్క బదులు కంప్యూటర్ కోడ్ ఉంది. భయాలు మాత్రం అవే: అంటుకుంటుందేమో, భారమవుతుందేమో.

అంటుకుంటుందేమోనన్న భయంలో ఈ రోజు అసలు జబ్బు టీబీ. ఆస్ట్రేలియా వీసా నిబంధనల్లో పేరు పెట్టి రాసిన వ్యాధి ఇదొక్కటే. కెనడా, ఆస్ట్రేలియాలకు పదకొండేళ్లు నిండినవాళ్లకు, అమెరికాకు పదిహేనేళ్లు నిండినవాళ్లకు ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. టీబీ ఎక్కువున్న దేశాల నుంచి వెళ్లే చిన్నపిల్లలకు అమెరికా రక్తపరీక్ష అడుగుతుంది. బ్రిటన్‌కైతే, తన జాబితాలో ఉన్న దేశాల నుంచి ఆరు నెలలకు మించి ఉండటానికి వచ్చేవాళ్లకు టీబీ సర్టిఫికెట్ ఒక్కటే మెడికల్. అది ఆరు నెలలే చెల్లుతుంది.

ఎక్స్‌రేలో మచ్చ కనబడగానే చాలామందికి గుండె జారిపోతుంది. అంత అక్కర్లేదు. మచ్చ అంటే తిరస్కరణ కాదు, ఆలస్యం. అమెరికా పద్ధతి చూడండి: వరసగా మూడు రోజులు కఫం తీసుకుని, మైక్రోస్కోపులో చూస్తారు, కల్చర్ (క్రిములు పెరుగుతాయేమో చూసే పరీక్ష) కూడా పెడతారు. కల్చర్ ఫలితానికి ఎనిమిది వారాల దాకా పట్టొచ్చు. నెగిటివ్ వస్తే బీ1 (మచ్చ ఉన్నా వెళ్లొచ్చన్న వైద్య వర్గం, వీసా రకం కాదు) అని రాసి వెళ్లనిస్తారు. దిగాక అక్కడి ఆరోగ్య శాఖ ఒకసారి చూస్తుంది. పాజిటివ్ వస్తే దగ్గరుండి మందులు మింగించే పద్ధతిలో చికిత్స పూర్తి చేసి, మళ్లీ పరీక్షించి పంపుతారు. ఆస్ట్రేలియా అయితే హెల్త్ అండర్‌టేకింగ్ మీద సంతకం చేయించుకుంటుంది. అక్కడికి చేరాక సూచించిన క్లినిక్‌లో కనబడతామన్న హామీ అది. కెనడాలో దాన్ని మెడికల్ సర్వేలెన్స్ అంటారు.

మచ్చ ఉందని ముందే తెలిసినవాళ్లు చేయాల్సింది పాత ఎక్స్‌రే ఫిల్ములు, కోర్సు పూర్తయినట్టు కాగితాలు వెతికి పెట్టుకోవడం. కొత్త ఎక్స్‌రేని పాతదాని పక్కన పెట్టి చూస్తే మచ్చ మారిందో లేదో డాక్టర్‌కి తెలుస్తుంది. కఫం పరీక్ష తప్పకపోవచ్చు గానీ, అనవసరపు అనుమానాలు కొన్ని తగ్గుతాయి. ఆఫర్ లెటర్‌లో చేరే తేదీ దగ్గర్లో ఉందనగా మెడికల్‌కి వెళ్లేవాళ్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. రెండు నెలల కల్చర్ వాళ్ల తేదీ కోసం ఆగదు.

హెచ్‌ఐవీ కథ వేరు. 1987 నుంచి అమెరికా దాన్ని నిషేధ జాబితాలో పెట్టింది, 2010 జనవరిలో తీసేసింది. కెనడా పదిహేనేళ్లు నిండినవాళ్లకు ఆ పరీక్ష చేస్తుంది గానీ పాజిటివ్ అయినంత మాత్రాన ఆపదు. న్యూజిలాండ్ 2021లో దాన్ని ఖరీదైన జబ్బుల జాబితాలోంచి తీసేసింది, ఇక పేరు చూసి ఆపకుండా మనిషిని బట్టి ఖర్చు చూస్తుంది. అంటే చాలా దేశాల్లో అది అంటువ్యాధి గదిలోంచి ఖర్చుల గదిలోకి మారింది.

ఖర్చుల గదే అసలు చిక్కు.

ఆస్ట్రేలియాలో గీత 86,000 ఆస్ట్రేలియన్ డాలర్లు. 2024 జులై 1కి ముందు అది 51,000. పీఆర్‌కి మామూలుగా అయిదేళ్ల ఖర్చు చూస్తారు. జబ్బు జీవితాంతం ఉండేదై, దాని తీరు ముందే ఊహించగలిగేదైతే పదేళ్ల దాకా చూస్తారు. కానీ గీత మాత్రం అదే 86,000. అయిదేళ్లకు లెక్కేస్తే ఏడాదికి 17,200 దాకా ఫర్వాలేదు, పదేళ్లకు లెక్కేస్తే 8,600 దాటితే ఫెయిల్. తగ్గని జబ్బు ఉన్నవాళ్లకు గీత సగానికి సగం కిందికి దిగినట్టే. ఇందులో న్యాయం ఎక్కడుందో నాకైతే అర్థం కాదు. తాత్కాలిక వీసాకు ఉండబోయే కాలం వరకే లెక్క. అందుకే స్టూడెంట్ వీసా మీదో వర్క్ వీసా మీదో హాయిగా వచ్చేసి, ఇల్లూ స్కూలూ కుదుర్చుకుని, పీఆర్ దగ్గర మొదటిసారి ఫెయిలయ్యే కుటుంబాలు ఉంటాయి. మొదటి మెడికల్ పాసయ్యాం కదా, ఇంక భయం లేదనుకోవడం ఇక్కడ పనికిరాదు.

అందరూ అడిగేది ఇంకోటి: "మాకు ప్రైవేటు ఇన్సూరెన్స్ ఉంది, ఆ సేవలేవీ వాడుకోమని రాసిస్తాం, సరిపోదా?" సరిపోదు. ఆస్ట్రేలియా లెక్క మీ గురించి కాదు. అదే జబ్బు, అదే తీవ్రతలో ఉన్న ఒక ఊహా మనిషి గురించి. ఆ ఊహా మనిషికి ఏ సేవలు అవసరమవుతాయి, వాటికి ప్రభుత్వానికి ఎంతవుతుంది అన్నదే ప్రశ్న. మీ జీతం, ఇన్సూరెన్స్, నానమ్మ ఇంట్లోనే ఉండి చూసుకుంటుందన్న మాట, ఇవేవీ అందులోకి రావు. ఈ అంచనా వేసేది మెడికల్ ఆఫీసర్ ఆఫ్ ది కామన్వెల్త్ అనే ప్రభుత్వ డాక్టర్. ఆయన అభిప్రాయాన్ని వీసా అధికారి సరైనదిగానే తీసుకోవాలని నిబంధన. కాబట్టి ఆ అధికారి ముందు ఎంత వాదించినా ఫలితం ఉండదు, డాక్టర్ అంచనా మారితేనే ఏదైనా మారుతుంది.

డబ్బుతో పని లేకుండా ఆపే అవకాశం కూడా ఉంది. డయాలిసిస్, అవయవ మార్పిడి లాంటివి అక్కడివాళ్లకే చాలక క్యూలో ఉంటాయి కాబట్టి, వాళ్ల వంతుకు అడ్డొస్తారనుకుంటే ఖర్చుతో నిమిత్తం లేదు.

తప్పించుకునే దారి వీసా రకాన్ని బట్టి ఉంటుంది. నిబంధనల్లో 4005, 4007 అని రెండు నంబర్లు ఉన్నాయి. 189, 190 లాంటి స్కిల్డ్ వీసాలకు 4005 వర్తిస్తుంది, అందులో వేవర్ (మినహాయింపు) లేదు. భార్యాభర్తల పార్ట్‌నర్ వీసాకు 4007 వర్తిస్తుంది. అందులో వేవర్ అడగొచ్చు, అప్పుడు కుటుంబ పరిస్థితులు, సంపాదన, మానవతా కారణాలు అన్నీ చూస్తారు. ఫెయిలయ్యాక దారులు వెతకడం కన్నా, అప్లికేషన్ ఫీజు కట్టకముందే తమ వీసాకు ఏ నంబరో చూసుకోవడం మేలు. వేవర్ లేనివాళ్లకు అప్పీల్ ట్రిబ్యునల్, ఆ తర్వాత మంత్రి దయ మిగులుతాయి. 2008లో విక్టోరియా రాష్ట్రంలోని హార్షమ్ పట్టణంలో పనిచేస్తున్న ఒక జర్మన్ డాక్టర్ కుటుంబానికి ఇలాగే జరిగింది. డాక్టర్లు దొరకని ప్రాంతం కాబట్టే ఆయన్ని రప్పించుకున్నారు. కొడుక్కి డౌన్ సిండ్రోమ్ ఉందని పీఆర్ కాదన్నారు. దేశమంతా గోల చేశాక మంత్రి కలగజేసుకుని ఇచ్చారు. గోల చేసేవాళ్లు లేని కుటుంబాల సంగతేమిటన్నది అప్పుడూ ప్రశ్నే, ఇప్పుడూ ప్రశ్నే. వైకల్యం ఉందని వివక్ష చూపకూడదన్న ఆస్ట్రేలియా 1992 చట్టం వలస నిర్ణయాలను తన పరిధిలోంచి తప్పించింది మరి.

కెనడా కూడా ఖర్చే చూస్తుంది, కానీ కొంచెం మనిషిని చూసి. అక్కడ సగటు పౌరుడి మీద పెట్టే ఖర్చుకు మూడు రెట్లు గీత. 2018లో గీతను అలా పెంచారు. 2024లో అది అయిదేళ్లకు 1,31,100 కెనడియన్ డాలర్లు, ఏడాదికి 26,220. ఏటా మారుతుంటుంది. ప్రత్యేక విద్య, పునరావాసం, ఇంట్లో వ్యక్తిగత సహాయం లాంటి సేవలను 2018లోనే లెక్కలోంచి తీసేశారు. దాంతో ఆటిజం, వినికిడి లోపం లాంటి సమస్యలున్న పిల్లల కుటుంబాలకు చాలా ఊరట దొరికింది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు కూడా ఒక ముఖ్యమైన మాట చెప్పింది: జబ్బు పేరు చూసి తీర్పు ఇవ్వొద్దు, ఆ మనిషికి నిజంగా ఏం అవసరమవుతుందో చూడాలి, సామాజిక సేవల ఖర్చు భరించే స్తోమత, ఇష్టం ఆ కుటుంబానికి ఉన్నాయా అన్నదీ చూడాలి. ఆస్ట్రేలియా ఊహా మనిషికి ఇది పూర్తిగా ఎదురు దారి.

అయితే దీనికో హద్దుంది. డాక్టర్ ఫీజు, ఆస్పత్రి ఖర్చు మేమే పెట్టుకుంటామని రాసిస్తే చెల్లదు. అవి అక్కడ పౌరులకు, పీఆర్‌లకు ప్రభుత్వం ఇచ్చేవి. రేపు ఆ హామీని అమలు చేయించే మార్గం లేదని, 2002లో ఒక తండ్రి మోకాలి ఆపరేషన్ కేసులో కోర్టు తేల్చింది. మందుల ఖర్చు వేరు. కంపెనీ ఇన్సూరెన్స్ మందులకు వర్తిస్తుందని చూపిస్తే ఆ వాదన వింటారు.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. కెనడాలో స్పాన్సర్ చేసేది భర్తనో భార్యనో పిల్లలనో అయితే ఈ ఖర్చు నిబంధన వర్తించదు. శరణార్థులకూ వర్తించదు. తల్లిదండ్రులకు వర్తిస్తుంది. అంటే భార్యకు కిడ్నీ జబ్బు ఉన్నా ఈ కారణంతో స్పాన్సర్‌షిప్ ఆగదు, అమ్మకు ఉంటే ఆగొచ్చు.

న్యూజిలాండ్ గీత 2022 సెప్టెంబర్ నుంచి 81,000 న్యూజిలాండ్ డాలర్లు, అంతకుముందు 41,000. దానితోపాటు, ఈ జబ్బులుంటే ఖర్చు తప్పదని ముందే రాసిపెట్టిన జాబితా కూడా ఉంది.

బ్రిటన్ పద్ధతి అందరికన్నా తేలిక, జేబుకు మాత్రం కాదు. 2015లో ఏడాదికి 200 పౌండ్లతో మొదలైన హెల్త్ సర్‌ఛార్జ్ 2024 ఫిబ్రవరి నుంచి 1,035 పౌండ్లు. విద్యార్థులకు, పద్దెనిమిదేళ్లలోపు వాళ్లకు 776. అయిదేళ్ల వర్క్ వీసా తీసుకునే దంపతులు ఇద్దరి సర్‌ఛార్జే 10,350 పౌండ్లు, అదీ మొత్తం ముందే కట్టాలి. పైగా జీతంలో పన్ను మామూలే. ఇది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు జబ్బు ఉన్నవాళ్ల బదులు కట్టే పద్ధతి. ఒకసారి కట్టాక మాత్రం షుగరా, ఆటిజమా అని ఎవరూ అడగరు. చేదుగా ఉన్నా నాకు ఇదే తక్కువ క్రూరమైనదనిపిస్తుంది.

అమెరికాలో హెచ్1బి, స్టూడెంట్ వీసాలకు సాధారణంగా మెడికల్ ఉండదు. గ్రీన్‌కార్డు దగ్గరే వస్తుంది. విదేశంలో ఉన్నవాళ్లకు పానెల్ ఫిజీషియన్, అమెరికాలోనే ఉన్నవాళ్లకు సివిల్ సర్జన్ చేస్తారు. ఇద్దరూ ఈ పరీక్షకు అమెరికా ప్రభుత్వం గుర్తించిన డాక్టర్లే. 2024 డిసెంబర్ నుంచి, అక్కడే ఉండి అప్లై చేసేవాళ్లు మెడికల్ రిపోర్టు ఉండే ఐ-693 ఫారాన్ని గ్రీన్‌కార్డు దరఖాస్తు ఐ-485తో కలిపే పెట్టాలి. టీకాల కాగితాలు లేకపోతే మళ్లీ వేయించుకోవాల్సి వస్తుంది, లేదా యాంటీబాడీలు ఉన్నాయని రక్తపరీక్షతో చూపించాలి. కోవిడ్ టీకా నిబంధన 2025 జనవరిలో పోయింది.

అక్కడ ఇబ్బంది పడేది గుండెజబ్బు ఉన్నవాళ్లకన్నా, తాగి బండి నడిపి ఒకసారి దొరికిన కుర్రాళ్లే. అలాంటి అరెస్టు (డీయూఐ) ఉంటే మద్యం వ్యసనం, దానితో ముడిపడ్డ ప్రమాదకర ప్రవర్తన ఉన్నాయేమో చూడటానికి సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపొచ్చు. క్లాస్ ఏ అని తేలితే గ్రీన్‌కార్డు ఆగుతుంది. గంజాయి వాడకంతోనూ ఇబ్బందే. ఆ రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అన్న వాదన పనిచేయదు, ఫెడరల్ చట్టంలో అది నిషిద్ధమే. వ్యసనం ఉందని తేలితే కనీసం పన్నెండు నెలలు దూరంగా ఉన్నట్టు చూపించాలి. డిప్రెషన్‌కి మందులు వాడుతున్నామని భయపడేవాళ్లున్నారు. మానసిక సమస్య ఉండటమే అనర్హత కాదు, దానివల్ల తనకో ఇతరులకో హాని జరిగే ప్రవర్తన ఉంటేనే ప్రశ్న.

ఖర్చు గురించి అడగదన్న మాటకు మాత్రం ఒక సవరణ అవసరం. ప్రభుత్వానికి భారమవుతారా అన్న పబ్లిక్ చార్జ్ నిబంధన మెడికల్‌కు బయట విడిగా ఉంది. వయసు, ఆరోగ్యం, కుటుంబం, ఆస్తులు, చదువు అన్నీ కలిపి చూడమని చట్టమే చెబుతుంది. 2025 నవంబర్‌లో షుగర్, ఊబకాయం, గుండెజబ్బుల్లాంటి దీర్ఘకాలిక సమస్యలను, ఆ ఖర్చు భరించే స్తోమతను కూడా గమనించమని విదేశాంగ శాఖ కాన్సులేట్లకు సూచించినట్టు వార్తలొచ్చాయి. 1882 నాటి భయం మళ్లీ ముందుకొస్తోందన్నమాట.

ఇక గల్ఫ్ పని వీసాల్లో ఈ లెక్కలేవీ ఉండవు. గుర్తింపు పొందిన సెంటర్లో హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, సి, టీబీ లాంటివి చూసి ఫిట్ అనో అన్‌ఫిట్ అనో రాస్తారు. దిగాక మళ్లీ పరీక్ష ఉంటుంది, అందులో తేడా వస్తే వెనక్కి పంపిస్తారు.

దాచిపెడితే? జబ్బు కన్నా అబద్ధానికి శిక్ష పెద్దది. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే కెనడా అయిదేళ్లు, ఆస్ట్రేలియా మూడేళ్లు తలుపు మూస్తాయి. అమెరికాలో అది వేవర్ దొరికితే తప్ప జీవితాంతం వెంటాడుతుంది. ఏజెంటు "అది రాయకండి సార్, వాళ్లకేం తెలుస్తుంది" అంటే, ఆ నిషేధం ఏజెంటుకు కాదని గుర్తుంచుకోవాలి.

అబద్ధం ఆడే ఉద్దేశం లేకుండానే పడే గొయ్యి ఒకటుంది. వెంట రాని పిల్లలు. విడాకుల తర్వాత మాజీ భార్య దగ్గర పెరుగుతున్న కూతురు, ఎలాగూ రాదు కదా అని ఫారంలో రాయరు, మెడికల్ చేయించరు. కెనడాలో అలా పరీక్ష చేయించని పిల్లల్ని తర్వాత కుటుంబ స్పాన్సర్‌షిప్ మీద తెచ్చుకోవడం దాదాపు అసాధ్యమవుతుంది. 2019లో కొన్ని పరిస్థితులకు సడలింపు ఇచ్చినా, దాన్ని నమ్ముకుని కూర్చోకూడదు. ఆస్ట్రేలియా కూడా వెంట రాని కుటుంబ సభ్యుల మెడికల్ అడగగలదు.

పానెల్ డాక్టర్ని బతిమాలుకోవడం దండగ. ఆయన చూసి, ఎక్స్‌రే జతచేసి పంపుతాడు, అంతే. నిర్ణయం ఆయనది కాదు. "మెడికల్స్ రిఫర్ అయ్యాయి" అన్న స్టేటస్ కనబడినా కంగారు పడక్కర్లేదు, దాన్ని ఇంకో డాక్టర్ చూస్తున్నాడని మాత్రమే దానర్థం. టెన్షన్ పడాల్సింది ఉత్తరం వచ్చాక. కెనడాలో దాన్ని ప్రొసీజరల్ ఫెయిర్‌నెస్ లెటర్ అంటారు. మీ అప్లికేషన్ ఫలానా కారణంతో తిరస్కరించబోతున్నాం, ఏమైనా చెప్పుకుంటారా అని అందులో ఉంటుంది. జవాబుకు సాధారణంగా తొంభై రోజులు ఇస్తారు.

ఆ జవాబులో మా కుటుంబం ఎంత మంచిది, పిల్లలు ఎంత బాగా చదువుతారు అని పేజీలు నింపేవాళ్లున్నారు. అది ఎవరి మనసునూ మార్చదు, ఎందుకంటే ఆ కాగితం ఖర్చుల గురించి. వాళ్లు వాడిన మందు ధర బ్రాండ్‌దా జెనరిక్‌దా, మీరు వాడేది నిజంగా ఆ డోసేనా, కంపెనీ ఇన్సూరెన్స్ అందులో ఎంత భరిస్తుంది, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ గత మూడేళ్లుగా ఎలా ఉంది, స్పెషలిస్ట్ అంచనాలో డయాలిసిస్ అవసరం ఎప్పటికి రావొచ్చు, ఇవి కావాలి. ఆస్ట్రేలియాలో ఇన్సూరెన్స్ మాట చెల్లదు కాబట్టి, మిగిలే వాదన తీవ్రత ఒక్కటే. ఊహా మనిషికి కూడా మీ తీవ్రతే ఇవ్వాలి. మూడేళ్ల వయసులో రాసిన పాత రిపోర్టులో "తీవ్రం" అని ఉండి, ఎనిమిదేళ్లకు పిల్లాడు సొంతంగా తింటూ, మాట్లాడుతూ, మామూలు క్లాసులో కూర్చుంటున్నాడంటే, ప్రభుత్వ డాక్టర్ అంచనా రాయకముందే కొత్త అసెస్‌మెంట్ చేయించి పెట్టాలి. ఆయన రాసేశాక అదే కాగితం అప్పీల్ ఫైల్లోకి వెళ్తుంది, అక్కడికి చేరడానికి నెలలు పడుతుంది, ఫీజు వేరే.